ఒంటికి అలవాటైన మందులు

టీచరు భర్త లిఫ్టు మెకానిక్కు. ఎత్తయిన భవనాల్లో లిఫ్టు మొరాయిస్తే ఆయనకే కబురు వచ్చేది. మెట్లెక్కలేని పై అంతస్తుల ముసలివాళ్లు ఆయన్ని ‘లిఫ్టు డాక్టరు’ అని పిలిచేవాళ్లు. ఒకనాడు లిఫ్టు కింది గుంతలో దిగి పని చేస్తుంటే ఊడిపడిన రేకు ఆయన పిక్కను చీల్చేసింది. పెద్ద గాయమే, కానీ ప్రాణం మీదికి తెచ్చేది కాదు. ఆసుపత్రిలో కుట్లు వేశారు. చీము పడితే కుట్లు విప్పి, మళ్లీ కోసి శుభ్రం చేశారు. జ్వరం మాత్రం దిగలేదు. ఒక మందు మార్చి ఇంకొకటి, అదీ మార్చి మరొకటి ఎక్కించారు. క్రిమి రక్తంలోకి చేరింది. నెల తిరక్కుండానే ఆయన పోయాడు.

ఆయన పోవడానికి ముందు డాక్టరు, టీచరునీ ఆమె అత్తగారినీ వార్డు బయటికి పిలిచాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, “మా దగ్గరున్న మందులేవీ పనిచేయట్లేదమ్మా. ఇది ఆసుపత్రుల్లో తిరిగే రకం. పరీక్షలో తేలింది” అన్నాడు.

టీచరు అన్నీ అడిగింది. ఏ రకం, ఏ మందుకు లొంగలేదు, ఇంకేమైనా మిగిలాయా. బడిలో జీవశాస్త్రం చెబుతుంది కాబట్టి ఆయన చెప్పిన ప్రతి మాటా ఆమెకు అర్థమైంది. పాఠం వింటున్న విద్యార్థిలా తల ఊపింది. ఆ తర్వాత చాలా రోజులు, అంత చక్కగా ఎలా తల ఊపానా అన్నదే ఆమెకు గుర్తొచ్చేది. అత్తగారు మాత్రం ఏమీ అడగలేదు. గోడకు ఆనుకుని నిలబడి డాక్టరు నోటివైపు చూసింది. ఆమె చెవిన పడిందల్లా మొదటి మాట ఒక్కటే. మందులు పనిచేయట్లేదు.

ఇంట్లో ఇక మిగిలింది అత్తా కోడళ్లిద్దరే. టీచరుకు పిల్లలు లేరు. వంటింటి కిటికీలోంచి ఎదుటి భవనం వెనకవైపు గొట్టాలు, ఆరేసిన బట్టలు కనిపించేవి. టీచరు పొద్దున్నే లేచి టీ పెట్టేది. కప్పులు కడిగేది. కడిగినవే మళ్లీ కడుగుతున్నానని ఒక్కోసారి మధ్యలో తెలిసేది. అయినా ఆపేది కాదు. పరామర్శకు వచ్చినవాళ్లు ఆమె చేతులు పట్టుకుని ఏడ్చేవాళ్లు. ఎదుటివాళ్ల చేతులు వెచ్చగా ఉన్నాయనో చల్లగా ఉన్నాయనో మాత్రమే ఆమెకు తెలిసేది. పంటి డాక్టరు మత్తు సూది ఇచ్చాక పెదవి ఎలా ఉంటుందో, మనిషంతా అలా ఉంది.

అత్తగారు చాలాకాలం ఓ బేకరీలో పిండి పని చేసి మానేసిన మనిషి. మాటకారి. ఎవరింట్లో ఏ కుర్రాడు ఎన్ని మార్కులు తెచ్చుకున్నాడో కూడా ఆమెకు తెలిసేది. ఇప్పుడు నోరు కట్టేసినట్టు కూర్చుంటోంది. ముద్ద నోట్లో పెట్టుకుని నమలడం మర్చిపోతోంది. కొడుకు పోయిన తల్లి కదా, అలాగే ఉంటుందని అందరూ అనుకున్నారు. టీచరూ అదే అనుకుంది. అంతకు మించి అనుకునే ఓపిక ఆమెకు లేదు.

ఒక ఆదివారం మరిది వచ్చాడు. బీమా కంపెనీలో పని. ఎవరినైనా ఓదార్చాలంటే పెద్ద మాటలు ఎత్తుకోవడం అతనికి అలవాటు. మనసు మాత్రం మంచిది. పళ్లు తెచ్చాడు, పాడైన పంపు బాగుచేశాడు, ఆ తర్వాత కూర్చుని మొదలుపెట్టాడు.

“ఎంత ఏడ్చినా ఏముంది వదినా. ప్రకృతి అంతే. బలమున్నది బతుకుతుంది, లేనిది పోతుంది. నువ్వు పాఠం చెప్పేదే కదా. అన్నయ్య ఒంట్లో ఆ శక్తి లేకపోయింది.” తల్లి వైపు తిరిగి, “ఎక్కడుంటుంది? చిన్నప్పుడు అన్నయ్య తుమ్మితే మాత్ర, దగ్గితే మాత్ర. గుప్పెడు మాత్రలు మింగించేదానివి. ఒంటికి మందులు అలవాటు పడిపోయాయి, ఇక అవసరానికి పనిచేస్తాయా?” అన్నాడు. దెప్పిపొడవాలని అనలేదు. పాత ముచ్చటలా, కాస్త నవ్వుతూనే అన్నాడు.

అత్తగారు లేచి వంటింట్లోకి వెళ్లింది. అక్కడ గిన్నె చప్పుడేమీ వినిపించలేదు.

మరిది అన్న రెండు మాటలూ తప్పే. ఏటా జవాబు పత్రాల్లో ఎర్ర సిరాతో కొట్టేసే మాటలవి. ఆ సంగతి టీచరుకు తట్టింది కూడా. చెప్పాలంటే నోరు తెరవాలి, మొదటి వాక్యం వెతుక్కోవాలి. “టీ తాగుతావా?” అని అడిగింది. అతను తాగి వెళ్లిపోయాడు.

*

సెలవు అయిపోయి టీచరు బడికి వెళ్లింది. హెడ్మిస్ట్రెస్ తన గదిలో కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చింది. “మీ బదులు వచ్చినావిడ అన్ని పాఠాలూ చెప్పేసింది, పరిణామం ఒక్కటి తప్ప. పిల్లలు అడ్డమైన ప్రశ్నలూ వేస్తారు, ఇంటికెళ్లి ఇంకేదో చెబుతారు, నా వల్ల కాదంది. మీకిప్పుడు కష్టమైతే వచ్చే నెల చూద్దాం.”

“ఫర్వాలేదు మేడమ్. ఇప్పుడే చెబుతాను” అంది టీచరు. ఎప్పుడైనా ఒకటే అనిపించింది.

తరగతిలోకి అడుగుపెట్టగానే పిల్లలు మరీ నిశ్శబ్దంగా లేచి నిలబడ్డారు. ఎవరో ముందే చెప్పి ఉంచారు కాబోలు. ఆమె హాజరు తీసుకుని, బోర్డు మీద పాఠం పేరు రాసి, “మీకు తెలిసింది చెప్పండి” అంది.

 చివరి వరసలో ఒకడున్నాడు. ప్రతిదానికీ వాదిస్తాడని అందరూ వాణ్ని ‘లాయరు’ అంటారు. వాడు లేచాడు.

“మనిషి కోతి నుంచి వచ్చాడు కదా టీచర్. మరి ఇంకా కోతులెందుకున్నాయి?”

“నువ్వు మీ బాబాయి కొడుకు నుంచి పుట్టావా?”

“లేదు టీచర్.”

“మరి మీ ఇద్దరికీ పోలికలెలా వచ్చాయి?”

“మా ఇద్దరికీ తాతయ్య ఒకడే కాబట్టి.”

“ఇదీ అంతే. ఇప్పుడు చెట్ల మీదున్న కోతి నీకు తాత కాదు, దాయాది. మనకూ వాటికీ ఎప్పుడో ఒక తాత ఉండేవాడు. ఆయన ఇప్పటి కోతీ కాదు, ఇప్పటి మనిషీ కాదు. నువ్వు పుట్టావని మీ బాబాయి కొడుకు మాయమయ్యాడా?”

“మాయమైనా బాగుండు టీచర్. నా సైకిలు వాడి దగ్గరే ఉండిపోయింది.”

తరగతి గొల్లుమంది. ఇది నవ్వే చోటని టీచరుకు తెలుసు. నవ్వు అయ్యేదాకా సుద్దముక్క పట్టుకుని ఆగింది.

నవ్వుతో పిల్లల నోళ్లు తెరుచుకున్నాయి. జిరాఫీ మెడ సాచీ సాచీ పొడుగైందన్నాడొకడు. “తండ్రి మూటలు మోసి భుజాలు కాయలు కాస్తే, కొడుకు కాయలతో పుడతాడా?” అని అడిగిందామె. ముందు వరసలో ఒకమ్మాయి లేచి, “బలమున్నవే బతుకుతాయి టీచర్, గైడులో ఉంది” అంది.

“బలం కాదు. ఆ చోటికి, ఆ సమయానికి ఏది సరిపోతే అది. మండుటెండలో మందపాటి దుప్పటి ఎంత గట్టిదైతే ఏం లాభం? చలి వస్తే అదే దుప్పటి పనికొస్తుంది. ఏ జీవి మంచిది, ఏది చెడ్డది అన్న తీర్పు ఇందులో లేదు. పిల్లల్ని మిగిల్చిపోయిన జీవుల పోలికలే ముందుకు వెళ్తాయి. అంతే.”

చివరి మాట అన్నాక ఆమె వెనక్కి తిరిగి బోర్డు తుడిచింది. తుడవాల్సినంత ఏమీ రాసి లేదు.

కిటికీ పక్కనున్న అమ్మాయి చెయ్యెత్తింది. “టీచర్, మనం మందులు ఎక్కువ వాడితే మన ఒళ్లు అలవాటు పడిపోతుందట కదా. అందుకే మందులు పనిచేయవట. మా నాన్న...” అంటూనే ఆ పిల్లకు గుర్తొచ్చి ఆగిపోయింది. పక్కనున్నది మోచేత్తో పొడిచింది. 

“మంచి ప్రశ్న. కూర్చో” అంది టీచరు. గొంతు మామూలుగానే ఉంది. “కొన్ని మందులకు ఒళ్లు అలవాటు పడుతుంది, నిద్రమాత్రల్లాంటివాటికి. క్రిముల్ని చంపే మందుల సంగతి వేరు. అక్కడ మారేది మన ఒళ్లు కాదు, క్రిములు. అవైనా నేర్చుకుని మారవు. లక్షల్లో పుడుతున్నప్పుడు ఒకటో రెండో వేరుగా పుడతాయి, ఊరికే. మందు పడితే మిగతావన్నీ చస్తాయి. ఆ ఒకటీ రెండూ మిగిలి, పిల్లల్ని పెడతాయి. కొన్నాళ్లకు ఎటు చూసినా వాటి సంతానమే. చాలామంది మాత్రం మనిషి ఒంటికే మందు అలవాటు పడిందనుకుంటారు.”

ఆ మాట అంటుంటే, ఈ మధ్యే ఎవరో తన ఎదుట అలా అన్నారని ఆమెకు తట్టింది. ఎవరో గుర్తొచ్చింది. అప్పుడు వంటింట్లోకి లేచి వెళ్లినదెవరో కూడా గుర్తొచ్చింది. గంట కొట్టారు. ఆమె పుస్తకాలు సర్దుకుని పక్క తరగతికి వెళ్లింది. సాయంత్రానికి ఆ గుర్తు మిగతా వాటితో పాటే ఎక్కడో అడుగున పడిపోయింది.

*

అత్తగారికి జ్వరం వచ్చింది. నడుము నొప్పి, ఒకటే వణుకు. వీధి చివర క్లినిక్‌లో డాక్టరమ్మ పరీక్ష చేయించి మూత్రంలో క్రిమి చేరిందని చెప్పింది. మాత్రలు రాసిచ్చి, “వేళకు వేయండి. ఈ వయసులో అశ్రద్ధ చేస్తే కిడ్నీల దాకా పోతుంది. రెండు రోజుల్లో జ్వరం దిగకపోతే వెంటనే తీసుకురండి” అంది.

టీచరు మాత్ర, మంచినీళ్లు అత్తగారి చేతికిచ్చి బడికి వెళ్లేది. వచ్చాక మళ్లీ ఇచ్చేది. జ్వరం దిగలేదు. మర్నాడు ఇంకా పెరిగింది. నుదుటి మీద చెయ్యి పెడితే కాలిపోతోంది. ఈ వేడి ఈ చేతికి తెలుసు. ఆసుపత్రి మంచం మీద భర్త నుదురూ ఇలాగే ఉండేది. భయపడాలని ఆమెకు తెలుసు. భయం ఎక్కడో పక్క గదిలో ఉన్నట్టుంది, తలుపు తీసుకుని రావడం లేదు.

ఆ పొద్దున బడికి సెలవు పెట్టింది. మాత్ర ఇచ్చి, తువ్వాలు తడిపి తెద్దామని వెళ్లి తిరిగొచ్చేసరికి అత్తగారు మంచం మీద లేదు. గోడ పట్టుకుని నడుస్తూ వంటింటి సింకు దగ్గరికి చేరింది. నోట్లోంచి మాత్ర తీసి సింకులో పడేసి, పంపు తిప్పుతోంది.

టీచరు పంపు కట్టేసింది. సగం కరిగిన మాత్ర జాలీ మీద తెల్లగా మిగిలింది.

“ఎందుకలా చేశారు అత్తయ్యా?”

అత్తగారు దొరికిపోయిన చిన్నపిల్లలా చూసింది. “వద్దులేమ్మా. నా ఒంటికీ అలవాటు చేయకు.”

“ఏమిటి?”

“పెద్దాడికి నేనే కదా అలవాటు చేశాను. ముక్కు కారితే చాలు, మందులషాపుకు పరిగెత్తేదాన్ని. నాకు బేకరీలో సెలవిచ్చేవాళ్లు కాదు. వాడు పడుకుంటే కూర్చునేవాళ్లెవరు? తొందరగా తగ్గాలని గట్టి మాత్రలే అడిగి తెచ్చేదాన్ని. సగం తగ్గగానే ఆపేసేదాన్ని. మిగిలినవి చిన్నాడికి దాచేదాన్ని. చివరికి వాడికి అవసరమైన రోజున...” అక్కడ ఆగింది. “డాక్టరు చెప్పాడుగా. మందులు పనిచేయట్లేదని. నువ్వూ అక్కడే ఉన్నావు. తల ఊపావు.”

టీచరు పక్కనున్న స్టూలు లాగి అత్తగారిని కూర్చోబెట్టింది. తను నేల మీద కూర్చుంది. ఇన్నాళ్లూ ఈ మనిషి ఇదే లెక్క వేసుకుంటూ ఎదురుగా కూర్చుని ఉందన్నమాట. ఒక్క మాట చెబితే తేలిపోయేది. ఆ ఆదివారం తను టీ పెట్టి ఊరుకుంది.

“నేను తల ఊపింది దానికి కాదు. ఆయన రెండో మాట కూడా అన్నారు. మీరు వినలేదు. అది ఆసుపత్రుల్లో తిరిగే క్రిమి అని, పరీక్షలో తేలిందని. ఆయన ఒంటికి ఏ అలవాటూ లేదత్తయ్యా. ఒళ్లు అలా అలవాటు పడదు. మొండిది ఆ క్రిమి. ఆయన అక్కడికి వెళ్లకముందే అది మొండిది.”

“క్రిమికి మందు సంగతి ఎలా తెలుస్తుంది? ఎవరో ఒకరు అలవాటు చేస్తేనే కదా?”

“మీరు పిండి జల్లించేవాళ్లు కదా. జల్లెడలో పైన మిగిలేది ఏమిటి?”

“పొట్టు. ఉండలు. ఒక్కోసారి పురుగు.”

“ఆ పొట్టు జల్లెడను చూసి, దిగిపోకుండా ఉండాలని నేర్చుకుందా?”

అత్తగారు జ్వరపు కళ్లతో ఆమెను చూసింది. “అదేం నేర్చుకుంటుంది. అది ముందు నుంచీ పెద్దదే.”

“క్రిములూ అంతే. మందు జల్లెడ లాంటిది. మామూలువి పోతాయి, వేరుగా పుట్టినవి పైన మిగులుతాయి. ఒకటే తేడా. పొట్టు పిల్లల్ని పెట్టదు. ఇవి పెడతాయి. ఊరంతా, దేశాలన్నీ, ఆసుపత్రులన్నీ ఏళ్ల తరబడి జల్లిస్తూనే ఉన్నారు. మిగిలిన వాటిలో ఒకటి ఆయన గాయంలో పడింది.”

“అయితే నేను వేసిన మాత్రల వల్ల ఒక్క పురుగు కూడా మిగల్లేదంటావా?”

లేదని అనేస్తే తేలికగా పోయేది. టీచరుకు అబద్ధం చెప్పే ఓపిక కూడా లేదు.

“మిగిలే ఉంటాయేమో. మీవీ, మా అమ్మవీ, అందరివీ. అక్కర్లేకుండా వేయడం తప్పే, అప్పుడు ఎవరికీ తెలీదు. కానీ ఆయన్ని చంపింది ఆయన చిన్నప్పటిది కాదు. అంతవరకు నాకు తెలుసు.”

అత్తగారు సింకు వైపు చూసింది.

“మరి నా కొడుకే ఎందుకు? అదే వార్డులో కాలికి గాయమైన ముసలాయన నడుచుకుంటూ ఇంటికెళ్లాడు.”

“ఎందుకూ లేదు అత్తయ్యా. దానికి ఆయనెవరో తెలీదు. చంపుతున్నానని కూడా దానికి తెలీదు.”

“చిన్నాడన్నాడు, ఒంట్లో బలం లేదని.”

“చిన్నాడికి తెలీదు. ఆయన లిఫ్టు మోటారును ఒంటి చేత్తో జరిపేవారు.”

అత్తగారి మొహం తేలికపడుతుందని టీచరు అనుకుంది. పడలేదు. ఆమె పమిట కొంగుతో నోరు మూసుకుంది. భుజాలు కదిలాయి. ఆసుపత్రిలోనూ, ఆ తర్వాతా ఒక్క చుక్క రాల్చని మనిషి ఇప్పుడు ఏడుస్తోంది.

“నా తప్పే అనుకున్నన్నాళ్లూ పట్టుకోవడానికి ఒకటుండేదమ్మా. ఇప్పుడు అదీ తీసేశావు.”

 టీచరు ఆమె మోకాలి మీద చెయ్యి వేసి కూర్చుంది. కాసేపటికి లేచి, పట్టీలోంచి ఇంకో మాత్ర తీసి, గ్లాసుతో నీళ్లు తెచ్చింది. అత్తగారు కళ్లు తుడుచుకుని మింగింది. మింగానని నోరు తెరిచి చూపించింది. టీచరు చూపించమని అడగలేదు.

ఇద్దరూ ఆటో ఎక్కి క్లినిక్‌కు వెళ్లారు. అక్కడ టీచరు జరిగిందంతా చెప్పింది, ఏదీ దాచకుండా. డాక్టరమ్మ కోప్పడలేదు. ఒక సూది వేసి, మళ్లీ పరీక్షకు పంపి, ఆ మాత్రలే కొనసాగించమంది. అవి ఈ క్రిమి మీద పనిచేశాయి. జ్వరం మెల్లగా దిగింది.

*

అత్తగారు లేచి తిరగడం మొదలుపెట్టాక ఒక మధ్యాహ్నం ఇద్దరూ బాల్కనీలో కూర్చున్నారు. టీచరు ఒళ్లో జవాబు పత్రాలున్నాయి. అత్తగారు వాటిలో ఒకటి తీసి, అందులో వేసిన బొమ్మ చూసింది. చెట్టు బొమ్మ అది, కొమ్మకొమ్మకూ ఒక జంతువు ఉంది. వేసినవాడు మనిషి ఉన్న కొమ్మను అన్నిటికన్నా పైన పెట్టాడు. టీచరు అక్కడ ఎర్రగీత గీసింది.

“ఎందుకు కొట్టేశావు? బాగానే వేశాడు కదా.”

“మనం పైమెట్టు మీద లేమత్తయ్యా. ఓ పక్కన ఉన్నాం, అంతే.”

“సరేలే. మరి ఇవన్నీ ఒకదాన్నుంచి ఒకటి వచ్చాయంటావు, ఆ మొట్టమొదటిది ఎక్కణ్నుంచి వచ్చింది?”

“అది వేరే ప్రశ్న. పుట్టాక ఎలా మారుతూ వచ్చాయన్నదే ఈ పాఠం. అసలు మొదటిది ఎలా మొదలైందో ఇంకా వెతుకుతున్నారు. సముద్రం అడుగున వేడి ఊటల దగ్గర అంటారు కొందరు, వేడి నీటి మడుగుల్లో అంటారు కొందరు. తేలలేదు.”

“ఇంతమంది చదువుకున్నవాళ్లుండి కూడా?”

“తెలీదంటే తెలీదనే చెబుతాను బళ్లో.”

“పిల్లలు ఊరుకుంటారా?”

“చివరి వరసవాడు ఊరుకోడు.”

అత్తగారి పెదవి ఒక పక్కకు కదిలింది. పత్రం తిరిగి ఇచ్చేసి, వీధిలోకి చూస్తూ, “వాడి బట్టలు అలాగే ఉన్నాయి” అంది.

“అవును.”

“చిన్నాడికి పట్టవు. వాడి భుజాలు వేరు.”

“ఎవరికైనా ఇద్దాం.”

ఇద్దరూ లోపలికి వెళ్లి బీరువా తెరిచారు. చొక్కాలన్నీ మంచం మీద పరిచారు. పని చొక్కాలకు ఎన్ని ఉతుకులు ఉతికినా పోని గ్రీజు వాసన ఉంది. ఒక్కోదాన్ని అత్తగారు ముక్కుకు ఆనించుకుని, ఏడ్చి, కోడలికి అందించింది. టీచరు గుండీలు పెట్టి మడతపెట్టింది. ఏడుపు వస్తుందేమోనని ఎదురుచూసింది. రాలేదు. ఒక చొక్కా మోచేతి దగ్గర చిరిగి ఉంది. అది ఇవ్వడానికి పనికిరాదని పక్కన పెట్టింది. కాసేపయ్యాక సూదీ దారం తెచ్చుకుని, కిటికీ వెలుగులో కూర్చుని, ఆ చిరుగు కుట్టడం మొదలుపెట్టింది.